గడప చేరితేనే బేరం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ రోజుల్లో ఇంటిపని ముగించుకుని, మధ్యాహ్నం వేళ మరో చిన్న వ్యాపకం పెట్టుకున్న గృహిణులు మన వీధుల్లో చాలామందే కనిపిస్తారు. ఒకావిడ ఆవకాయ, మాగాయ పట్టి అమ్ముతుంది. ఒకావిడ సున్నుండలు, జంతికలు చేస్తుంది. ఇంకొకావిడ చీరలు తెప్పించి, వాటి ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి, అయినవాళ్ళకీ తెలిసినవాళ్ళకీ అమ్ముతుంది. వస్తువు చేయడం మనకు పుట్టింటి నుంచి వచ్చిన విద్య. ఫోనులో అమ్మడం పిల్లలు నేర్పారు. ఆర్డరు వచ్చింది, సంతోషం. మరి ఆ సీసా ఏలూరు పవర్‌పేటలోని మన వంటింటి నుంచి బయలుదేరి, ఎక్కడో ఉన్న కొనుగోలుదారు గడప చేరేది ఎలాగ? ఏనుగు దూరి తోక దగ్గర చిక్కుకున్నట్టు, నూటికి తొంభై వంతుల పని అయిపోయాక ఆ మిగిలిన కాస్త దగ్గరే మన లాభమంతా చిక్కుకుంటోంది. ఈవేళ ఆ తోక సంగతే మాట్లాడుకుందాం.

సరుకు దూరం పంపడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరికీ, విజయవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్టలు కట్టాక తవ్విన కాలువలు మన ఏలూరులో కలుసుకున్నాయి. ధాన్యం, బెల్లం, కొబ్బరికాయలు పడవల మీద ఆ కాలువల వెంట ప్రయాణం చేసేవి. ఈనాటికీ తాడేపల్లిగూడెం మార్కెట్టుకు కర్నూలు ఉల్లిపాయలు లారీల మీద వస్తాయి, మళ్ళీ లారీల మీద నాలుగు దిక్కులకూ పోతాయి. కొల్లేటి చుట్టుపట్ల చెరువుల్లో పట్టిన చేపలు ఒక వరస మంచు, ఒక వరస చేప చొప్పున పెట్టెల్లో సర్దుకుని కైకలూరు, ఆకివీడు నుంచి హౌరా దాకా వెళుతున్నాయి.

అంత దూరం చేప చెడకుండా వెళ్ళగలిగినప్పుడు, ఒక పచ్చడి సీసా పక్క మండలానికి వెళ్ళడం ఎందుకింత కష్టం అని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. చేపల లారీ ఒక చోట నిండుతుంది, ఒక చోట ఖాళీ అవుతుంది. ఖర్చు టన్నుల మీద పంచుకుపోతుంది. మన పచ్చడి సీసా సంగతి అలా కాదు. అది మన ఇంటి నుంచి కొరియర్ ఆఫీసుకు, అక్కడి నుంచి పెద్ద ఊళ్ళోని గోదాముకు, ఆ గోదాము నుంచి మరో ఊరికి, ఆ ఊరి నుంచి ఒక కుర్రవాడి సంచిలో ఒక వీధికి, ఆ వీధిలో ఒక గుమ్మానికి వెళ్ళాలి. ఊరికీ ఊరికీ మధ్య లారీలో వెయ్యి పార్శిళ్ళు కలిసే వెళతాయి గనుక ఒక్కోదానికి పడే ఖర్చు తక్కువ. ఆఖరి రెండు కిలోమీటర్లలో మాత్రం ప్రతి పార్శిలూ ఒంటరి ప్రయాణమే. అక్కడే ఖర్చు, అక్కడే ఆలస్యం.

ఏలూరు రామచంద్రరావుపేటలాంటి చోట ఒకే వీధిలో పది పార్శిళ్ళు ఇవ్వగలిగిన కుర్రవాడు, కొల్లేటి లంక గ్రామానికి వెళితే ఊరు మొత్తానికి ఒకటో రెండో ఇచ్చి రావాలి. పెట్రోలు ఖర్చూ పోయే పొద్దూ ఒకలాగే ఉంటాయి. అందుకనే కొన్ని కంపెనీలు 'మీ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదు' అని ముందే చెప్పేస్తాయి. మరికొన్ని ఆర్డరు తీసుకుంటాయి గాని, పార్శిలు పక్క ఊరి దాకా తెచ్చి, 'వచ్చి తీసుకువెళ్ళండి' అని ఫోను చేస్తాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు ఉంటుంది వ్యవహారం.

దీనికి తోడు నీటి బాధ. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరులాంటివి చాలా వచ్చి పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తి, ఆ నీరంతా కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు - కైకలూరు రోడ్డు మీదుగా నీళ్ళు పారాయి, లంక గ్రామాల దారులు మునిగాయి. అటువంటప్పుడు మనుషులు ఒడ్డు చేరడమే గొప్ప. కనుక వానాకాలంలో ఆ ప్రాంతాల నుంచి ఆర్డరు వస్తే, 'నాలుగు రోజులు అటూఇటూ అవుతుంది' అని డబ్బు తీసుకోకముందే చెప్పండి. ముందు చెబితే సంజాయిషీ, తరువాత చెబితే సాకు.

ఇక చిరునామా సంగతి. మన వాళ్ళ చిరునామాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. 'రామాలయం వెనక, వేపచెట్టు పక్క డాబా' అంటాం. ఊరి పోస్ట్‌మన్‌కు అది చాలు. అతనికి ఇంటి పేర్లే తెలుసు, ఇంట్లో ఎవరు ఏ ఊరు వెళ్ళారో కూడా తెలుసు. కొరియర్ కుర్రవాడు ఈ నెల ఉంటాడు, వచ్చే నెల మారతాడు. అతనికి వేపచెట్లన్నీ ఒకటే.

పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెల్లో మొదటి మూడూ ఉత్తరాలు విడదీసే జిల్లాను, చివరి మూడూ పోస్టాఫీసును చెబుతాయి. ఏలూరు 534001, తాడేపల్లిగూడెం 534101, కైకలూరు 521333. ఇందులో ఒక తమాషా చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తాడేపల్లిగూడెమేమో భీమవరం ముఖ్యపట్టణంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. జిల్లాలు మారాయి గాని పిన్‌కోడ్‌లు మారలేదు. ఏలూరుకూ గూడేనికీ జిల్లాలు వేరైనా మొదటి మూడంకెలు ఒకటే. ఏలూరుకూ కైకలూరుకూ జిల్లా ఒకటైనా అంకెలు వేరే. కనుక జిల్లా పేరు చూసి పిన్‌కోడ్ ఊహించి రాయవద్దు. కొనేవారినే అడిగి, ఒక్కొక్క అంకె తిరిగి చదివి వినిపించండి. ఒక్క అంకె తప్పితే పార్శిలు ఊళ్ళు తిరిగి వారం తరువాత మన గుమ్మంలోనే దిగుతుంది.

చిరునామాతో పాటు రెండు ఫోను నంబర్లు తీసుకోండి. ఇంటావిడది ఒకటి, ఇంట్లో మరొకరిది ఒకటి. దగ్గరలోని గుడి, బడి, రేషన్ దుకాణం వంటి గుర్తు ఒకటి రాయించుకోండి. 2025లో తపాలా శాఖ 'డిజిపిన్' అనే కొత్త పద్ధతి కూడా ప్రవేశపెట్టింది. దేశాన్నంతా ఇంచుమించు నాలుగు మీటర్ల చదరపు గళ్ళుగా విడదీసి, ఒక్కో గడికి పది అక్షరాలు, అంకెలతో ఒక గుర్తు ఇచ్చారు. ఇంటి నంబరు లేని లంక గ్రామంలోని ఇంటికి కూడా దీనితో ఒక గుర్తు ఉంటుంది. ఇది వాడుకలో స్థిరపడేదాకా గుడి, బడి గుర్తులు కూడా రాస్తూనే ఉండాలి.

సరే, పంపే మార్గాలు ఏమేమి ఉన్నాయి? ఒక్కటే మంచిదని చెప్పడానికి లేదు. వస్తువును బట్టి, ఊరిని బట్టి ఎంచుకోవాలి.

మొదటిది పోస్టాఫీసు. దేశంలో లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులున్నాయి, వాటిలో చాలా భాగం పల్లెల్లోనే. కొరియర్ వెళ్ళని లంక గ్రామానికి తపాలా వెళుతుంది. 1986లో మొదలైన స్పీడ్ పోస్టులో పార్శిలు ఎక్కడున్నదీ ఫోనులో చూసుకోవచ్చును. పల్లెటూళ్ళకూ, మారుమూలలకూ మొదట దీన్నే అడగండి.

రెండవది ప్రైవేటు కొరియర్. పట్నం నుంచి పట్నానికి త్వరగా చేరుస్తారు. కొందరు ఇంటికే వచ్చి పార్శిలు తీసుకువెళతారు. అనేక కొరియర్లను ఒక్కచోట చేర్చి, ఏ ఊరికి ఎవరు ఎంత తీసుకుంటారో చూపించే సంస్థలు కూడా ఉన్నాయి. నెలకు పాతిక ముప్పై పార్శిళ్ళు పంపేవారికి అవి ఉపయోగం.

మూడవది మన ఆర్టీసీ బస్సు. ఏలూరు బస్టాండులో పొద్దున ఇచ్చిన పార్శిలు సాయంత్రానికి విజయవాడ, రాజమండ్రి చేరుతుంది. సాధారణంగా అవతలివారు బస్టాండుకు వెళ్ళి తీసుకోవాలి. పెళ్ళికి పది కిలోల స్వీట్లు వంటి పెద్ద ఆర్డరుకు ఇంతకంటే చవకైన మార్గం అరుదు.

నాలుగవది అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి పెద్ద ఆన్‌లైన్ దుకాణాలు. పంపిణీ ఏర్పాటు వారే చూస్తారు. దానికి మన ధరలో నుంచి రకరకాల పేర్లతో కొంత సొమ్ము పట్టుకుంటారు. ఆ పట్టీ అంతా చదివాకే ధర నిర్ణయించుకోవాలి.

ఐదవది మనం చేసుకునే ఏర్పాటు. ఊళ్ళో అయితే తెలిసిన ఆటో అబ్బాయి చాలు. లంక గ్రామాలకు నాకు తోచే ఉపాయం ఒకటున్నది. ఇంటింటికీ పంపాలని చూడక, ఊరికొక చోటు చూసుకోండి. డ్వాక్రా సంఘంలో ఒకావిడ ఇల్లో, కిరాణా కొట్టో ఏదైనా సరే. వారానికి ఒక రోజు పెట్టుకుని, ఆ ఊరి ఆర్డర్లన్నీ ఒకే సంచిలో అక్కడికి చేర్చండి. ఆవిడకు పార్శిలుకు ఇంత అని ఇవ్వండి. చేపల లారీ నేర్పిన పాఠమే ఇది. కలిపి పంపితేనే ఖర్చు కలిసివస్తుంది.

ఇప్పుడు తూకం మాట. కొరియర్ వాళ్ళు తక్కెడలో బరువే చూస్తారనుకోవద్దు. పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా లెక్కకడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ హెచ్చవేసి, చాలామంది 5000తో భాగిస్తారు. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టె అయితే 15000 అవుతుంది, భాగిస్తే మూడు కిలోలు. అందులో మీరు కిలో జంతికలే పెట్టినా మూడు కిలోల డబ్బు కట్టాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు పంపేవారికి ఈ చిక్కు బాగా తెలిసే ఉంటుంది. బరువు లేదు, చోటు ఎక్కువ, పైగా తాకితే పొడి. కనుక వస్తువుకు తగిన కొలత పెట్టెలు రెండు మూడు రకాలు ముందే కొనిపెట్టుకోండి. చేతికందిన పాత అట్టపెట్టెలో సర్దడం పొదుపు అనిపిస్తుంది గాని కాదు.

పచ్చళ్ళవారికి ఇంకో మాట. ఆవకాయ కలిపిన మర్నాడే పంపకండి. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె తేరాక అప్పుడు కట్టండి. ఊరుతున్న పచ్చడి దారిలో పొంగి మూత ఊడగొడుతుంది. గాజుసీసా కంటే మందపాటి పొట్లం, అంచు వేడితో అతికించి, దానిపై మరో పొట్లం వేయడం మేలు. అతికించాక ఒక రాత్రి తలకిందులుగా కాగితం మీద ఉంచి చూడండి. కాగితం మీద నూనె మరక లేకపోతేనే పెట్టెలో పెట్టండి. సోమ, మంగళవారాల్లో పంపితే ఆదివారం గోదాములో మగ్గకుండా చేరే అవకాశం ఎక్కువ. నూనె వస్తువులు తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. ఒక పార్శిలు కారితే పక్కవారి చీరలు పది పాడవుతాయి.

ఆహార పదార్థాలు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు చేసుకుని, ఆ పద్నాలుగంకెల నంబరు పొట్లం మీద వేయాలి. చేసిన తేదీ, తూకం, ధర, మన చిరునామా కూడా ఉండాలి. జి.ఎస్.టి. విషయంలో 2023 అక్టోబరు 1 నుంచి కొంత వెసులుబాటు వచ్చింది. ఆన్‌లైన్ దుకాణం ద్వారా సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవారు, టర్నోవరు పరిమితికి లోపు ఉంటే, పూర్తి రిజిస్ట్రేషన్ లేకుండా ఒక నమోదు సంఖ్యతో అమ్మవచ్చును. రాష్ట్రం దాటితే నిబంధనలు వేరు. లెక్కలు తెలిసినవారిని అడిగి ముందడుగు వేయండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది డబ్బు చేతికి రావడం. మనలో పెద్దవారికి వి.పి.పి. గుర్తుండే ఉంటుంది. పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టి పార్శిలు విడిపించుకునేవాళ్ళం. ఆ పద్ధతి మన దేశంలో 1877 నాటిది. 2010లో ఫ్లిప్‌కార్ట్ 'వస్తువు అందాకే డబ్బు' అని మొదలుపెట్టినప్పుడు జనం అంతగా ఆదరించారంటే, చూడందే డబ్బివ్వని మన పాత అలవాటుకు అది సరిపోయింది గనుకనే.

కొనేవారికి అది ధైర్యం. అమ్మే చిన్నవారికి మాత్రం గండం. లెక్క కోసం ఇలా అనుకుందాం. పచ్చడి ధర పంపిణీతో కలిపి 600 రూపాయలు. చేయడానికి, కట్టడానికి 400, కొరియర్‌కు 100, మిగిలేది 100. పది పార్శిళ్ళూ అందితే వెయ్యి రూపాయలు మిగులుతాయి. పదిలో ఇద్దరు 'ఇప్పుడు వద్దులెండి' అన్నారనుకోండి. ఎనిమిదింటి మీద వచ్చింది 800. తిరిగి వచ్చిన రెండింటికీ పోనూ రానూ కొరియర్ ఖర్చు 400. ఊళ్ళు తిరిగి వచ్చిన పచ్చడిని మరొకరికి పంపడం ధర్మం కాదు గనుక ఆ సరుకు 800 కూడా పోయినట్టే. అంటే పది ఆర్డర్లు వచ్చినా, రెక్కలు ముక్కలు చేసుకున్నా, చేతి డబ్బు 400 ఎదురు పెట్టినట్టయింది. అమ్మకం తగ్గకుండానే నష్టం వచ్చిన తీరు చూశారా!

అందుచేత కొత్తవారి దగ్గర కనీసం రానూపోనూ ఖర్చయినా ముందు తీసుకోండి. ఫోనులోనే డబ్బు పంపే సౌకర్యం ఇప్పుడు కూరల బండి దగ్గర కూడా ఉన్నది కదా! పార్శిలు కట్టే రోజు ఉదయం ఒకసారి ఫోను చేసి, 'ఇంట్లో ఉంటారా అండీ?' అని అడగండి. ఆ ఒక్క ఫోను తిరుగు పార్శిళ్ళను తగ్గిస్తుంది. పంపిణీ ఖర్చు దాచకుండా విడిగా చెప్పండి. 'ఉచితం' అని రాసి ధరలో కలిపేస్తే, కొనేవారు పక్కవారి ధరతో పోల్చి మనదే ఎక్కువ అనుకుంటారు.

మనం అమ్మేవాళ్ళమే కాదు, కొనేవాళ్ళం కూడా. నాలుగు చోట్ల నాలుగు చీరలు తెప్పించి, ఒకటి ఉంచుకుని మూడు వెనక్కు పంపుతున్నప్పుడు, అవతల మనలాంటి ఆవిడ ఒకరు ఉండవచ్చునని తలచుకోండి. అక్కరలేకపోతే పార్శిలు బయలుదేరకముందే చెప్పండి. అలాగని మోసపోనూ వద్దు. పార్శిలు చేతికి రాకముందు ఓటీపీ చెప్పకండి. ఆర్డరు ఇవ్వని పార్శిలుకు డబ్బు కట్టకండి. విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. వస్తువు చెడితే, 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకపు సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ పలకకపోతే వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయండి. మండుటెండలో మూడో అంతస్తు ఎక్కి వచ్చిన కుర్రవాడి మీద మాత్రం కోపం చూపకండి. ఆలస్యం అతని చేతిలో లేదు. ఓ గ్లాసుడు మంచినీళ్ళివ్వడం మన చేతిలో ఉన్నది.

ఇంతా విన్నాక, 'ఈ పంపిణీ గొడవంతా మనకెందుకు, ఎవరో ఒక ఏజెంటుకు అప్పగిస్తే పోలేదా?' అనిపించవచ్చును. దానికి నరసాపురం వైపు చూపిస్తాను. అక్కడి స్త్రీలు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ స్త్రీల బతుకును పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంట్లో కూర్చుని అల్లుతున్నారు గనుక వారిని పనివారని ఎవరూ అనలేదు, తీరికవేళ కాలక్షేపం అన్నారు. లేసు మధ్యవర్తుల చేతుల మీదుగా విదేశాలకు వెళ్ళింది. దాని లాభం దాన్ని పంపినవారికి దక్కింది, అల్లిన చేతికి కూలి కూడా సరిగా దక్కలేదు. అల్లిక ఆడవారి చేతిలోనే ఉన్నది. కొనేవారి చిరునామా మాత్రం వారి చేతిలో లేదు.

ఈనాడు మన ఫోనులో ఆ చిరునామా ఉన్నది. దాన్ని చిన్న విషయం అనుకోకండి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని కొన్నవారి పేరు, ఊరు, పిన్‌కోడ్, ఏ మార్గాన పంపారు, ఎన్ని రోజులు పట్టింది, ఎంత ఖర్చయింది అన్నీ రాసుకోండి. ఆరు నెలలు రాస్తే ఏ ఊరికి ఏ దారి మంచిదో ఆ పుస్తకమే చెబుతుంది. పార్శిలు మోసే పని ఎవరికైనా అప్పగించండి, ఆ పుస్తకం మాత్రం ఎవరికీ అప్పగించకండి. కూర రుచి వండినావిడ గొప్ప. అయినా విస్తట్లో వడ్డించాకే కదా అది భోజనమయ్యేది! మన సరుకూ అంతే. అవతలి ఇంటి గడప చేరి, ఆవిడ మూత తీసి, బాగుందన్న రోజున మన బేరం పూర్తయినట్టు.